సున్నపు తేట నుండి పొగగొట్టం వరకు

(షోలాపూర్ తెలుగు పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



తెలుగునేలకు ఆవల ఒక తెలుగు పాఠశాల 75 సంవత్సరాలు నిలిచి వర్ధిల్లడం సామాన్య విషయం కాదు. మగ్గాన్ని నమ్ముకొని షోలాపూర్ చేరిన కుటుంబాలకు మరాఠీని వీధే నేర్పింది. తెలుగును మాత్రం బడియే నేర్పవలసి వచ్చింది. అట్టి బడి పండుగనాడు భాషను గూర్చియో, పూర్వుల త్యాగాలను గూర్చియో ముచ్చటించక, విద్యుత్కేంద్రాల పొగను గూర్చి ప్రసంగమేమిటని కొందరికి తోచవచ్చును. అందుకు కారణం ఉన్నది. తాతల నాడు చేతితో ఆడిన మగ్గం నేడు మీట నొక్కితే ఆడుతున్నది. ఆ మీట వెనుక తీగ ఉన్నది; ఆ తీగకు ఆవలి కొసన కొలిమి ఉన్నది; ఆ కొలిమికి పొగగొట్టం ఉన్నది. ఈ పట్టణానికి సమీపంలోనే 660 మెగావాట్ల యంత్రాలు రెండు, మొత్తం 1,320 మెగావాట్ల బొగ్గు విద్యుత్కేంద్రం, 2017, 2019 సంవత్సరాలలో ఒకదాని తరువాత ఒకటిగా ఉత్పత్తి ఆరంభించినవి. కనుక ఈ విషయం పరాయిది కాదు. ఇంటి దీపానికీ, ఇంటి కూటికీ సంబంధించినది.

ఈ విషయాన్ని గ్రహించడానికి పెద్ద గ్రంథాలతో పని లేదు. ఈ పాఠశాలలోని విజ్ఞానశాస్త్ర ప్రయోగశాల చాలును. ఏ తరం వారైనా ఒక ప్రయోగం చేసే ఉంటారు. పరీక్షనాళికలో సున్నపు తేట పోసి, గాజుగొట్టం ద్వారా నోటితో గాలి ఊదితే తేట పాలవలె తెల్లబడుతుంది. ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు సున్నంతో కలసి సుద్దగా మారినందున ఆ తెలుపు. పాత పాఠ్యపుస్తకాలలో బొగ్గుపులుసు వాయువు అన్నదే నేటి పుస్తకాలలో కార్బన్ డై ఆక్సైడ్. ఇంకా ఊదుతూ పోతే ఆశ్చర్యకరంగా ఆ తెలుపు విరిగి తేట మరల నిర్మలమవుతుంది. వాయువు బైకార్బనేటుగా నీటిలో దాగినది. ఇప్పుడా నాళికను దీపంపై వేడి చేస్తే, దాగిన వాయువు బుడగలై బయటకు వచ్చి, తేట మరల తెల్లబడుతుంది.

ఆ చిన్న ప్రయోగంలోనే నేటి ప్రసంగ విషయమంతా ఇమిడి ఉన్నది. క్షార ద్రావణం బొగ్గుపులుసు వాయువును పట్టుకుంటుంది. వేడి దానిని విడిపిస్తుంది. కోట్ల డాలర్ల వ్యయంతో కెనడాలోనూ అమెరికాలోనూ కట్టిన కార్బన్ గ్రహణ కర్మాగారాలు ఈ సూత్రాన్నే పెద్ద ఎత్తున అమలు జరుపుతున్నవి. సూత్రం సులభం, వ్యయం సులభం కాదు. ఆ వ్యయం ఎంతన్నది ఏ ఇంధనాన్ని కాల్చుతున్నామన్న దానిపై ఆధారపడి ఉంటుంది. ఇదే నేటి ప్రసంగానికి కేంద్రం.

ముందుగా ఈ వాయువును పట్టవలసిన అవసరమేమో చూడవలె. ఈ పాఠశాల తలుపులు తెరచిన కాలంలో భూమిపై గాలిలో పదిలక్షల పాళ్ళకు బొగ్గుపులుసు వాయువు సుమారు 310 పాళ్ళు ఉండేది. హవాయి ద్వీపంలోని మౌనలోవా పర్వతంపై చార్లెస్ కీలింగ్ అను శాస్త్రజ్ఞుడు 1958లో క్రమబద్ధంగా కొలవడం మొదలుపెట్టిన నాటికి అది 315 పాళ్ళు. నేడు 420 దాటినది. పరిశ్రమల యుగానికి ముందు వేల సంవత్సరాల పాటు 280 పాళ్ళకు అటూ ఇటూగా ఉన్నదానికి, ఒక్క పాఠశాల జీవితకాలంలోనే 110 పాళ్ళకు పైగా అదనంగా చేరినది. ఈ వాయువు భూమి వేడిని పైకి పోనీయక కప్పివలె నిలుపుతుంది. కప్పు దళసరి అయిన కొద్దీ ఎండలు, వానలు తమ పూర్వపు లెక్కలను తప్పుతున్నవి. వానల లెక్క తప్పితే ఏమవుతుందో కరువు ఎరిగిన ఈ జిల్లాకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఇక పొగల సంగతి. అన్ని పొగలూ ఒకటి కావు. బయటి గాలిలో బొగ్గుపులుసు వాయువు నూటికి 0.04 పాళ్ళు మాత్రమే. మనిషి విడిచే ఊపిరిలో నూటికి సుమారు 4 పాళ్ళు. సహజవాయువుతో నడిచే టర్బైన్ పొగలో కూడా ఇంచుమించు అంతే, 3 నుండి 4 పాళ్ళు. బొగ్గు కొలిమి పొగలో 12 నుండి 14 పాళ్ళు. అనగా, విద్యార్థి నోటితో ఊదిన గాలికీ, సహజవాయువు విద్యుత్కేంద్రపు పొగకూ బొగ్గుపులుసు వాయువు విషయంలో పెద్ద భేదం లేదు. బొగ్గు పొగ మాత్రం దానికి మూడు నాలుగు రెట్లు చిక్కన.

ఇక్కడ సామాన్యులకు తోచే భావానికి విరుద్ధమైన సత్యమొకటి కనబడుతున్నది. మురికి పొగ నుండి వాయువును పట్టడం కష్టం, శుభ్రమైన పొగ నుండి పట్టడం తేలిక అని అనుకుంటారు. పలుచని మజ్జిగను చిలికి వెన్న తీయడానికీ, చిక్కని పెరుగును చిలికి వెన్న తీయడానికీ ఉన్న భేదం గృహిణులకు తెలుసును. వాయువు పలుచగా ఉన్నకొద్దీ దానిని ఏరడానికి ఎక్కువ పొగను, పెద్ద స్తంభాల గుండా, ఎక్కువ శ్రమతో నడిపించవలె. కనుక ఒక టన్ను వాయువును పట్టే ఖర్చు సహజవాయువు కేంద్రంలోనే అధికం.

స్తంభాల మాట వచ్చినది గనుక, పట్టే విధానాన్ని కొంత వివరించవలె. అమైన్లు అను క్షార ద్రవ్యాలతో వాయువులను శుద్ధిచేసే పద్ధతికి ఆర్. ఆర్. బాటమ్స్ అను అమెరికా దేశస్థుడు 1930లో పేటెంటు పొందాడు. నేటికీ అదే పద్ధతి ముఖ్యమైనది. పొగను చల్లబరచి మొదటి స్తంభం అడుగు నుండి పైకి పంపుతారు. పైనుండి అమైన్ ద్రావణం జల్లుగా దిగుతుంది. సుమారు 40 డిగ్రీల వేడి వద్ద ద్రావణం బొగ్గుపులుసు వాయువును పట్టుకుంటుంది; మిగిలిన నత్రజని పొగగొట్టం నుండి వెలుపలికి పోతుంది. వాయువుతో నిండిన ద్రావణాన్ని రెండవ స్తంభానికి పంపి, ఆవిరితో సుమారు 120 డిగ్రీలకు కాచితే వాయువు విడిపోతుంది. ద్రావణం చల్లబడి మరల మొదటి స్తంభానికి చేరుతుంది. విడిపోయిన వాయువును వంద వాతావరణ పీడనాలకు మించి నొక్కి గొట్టాల ద్వారా పంపుతారు. సున్నపు తేట, గాజుగొట్టం, దీపం – ఈ మూడే ఇక్కడ ఆకాశమంత పెరిగినవి.

దీపానికి నూనె ఎవరు పోయవలె? ద్రావణాన్ని కాచే ఆవిరి విద్యుత్కేంద్రం నుండే రావలె. టర్బైన్ తిప్పవలసిన ఆవిరిలో కొంత ద్రావణం కాచడానికి పోతే, ఆ మేరకు విద్యుత్తు తగ్గుతుంది. వాయువును నొక్కే యంత్రాలకు కూడా విద్యుత్తే కావలె. బొగ్గు కేంద్రంలో నూటికి 90 పాళ్ళు వాయువును పట్టవలెనంటే ఉత్పత్తిలో దాదాపు అయిదవ వంతు మొదలు నాలుగవ వంతు దాకా ఈ పనికే ఖర్చవుతుంది. నేసిన అయిదు దుప్పట్లలో ఒకటి నూలు శుభ్రపరచిన కూలికే పోయినట్లన్నమాట. ఆ లోటు తీర్చడానికి మరికొంత బొగ్గు తవ్వి కాల్చవలె.

ఇప్పుడు ఇంధనాల వారీగా లోకం గడించిన అనుభవాన్ని పరిశీలించడం ఉచితం.

మొదటిది లిగ్నైట్. తమిళనాడులోని నైవేలిలో దొరికేది ఈ జాతి బొగ్గే. దానిలో తేమ ఎక్కువ, వేడి తక్కువ; యూనిట్ విద్యుత్తుకు వెలువడే బొగ్గుపులుసు వాయువు రాతిబొగ్గు కన్న అధికం. కెనడాలోని సస్కాచవాన్ రాష్ట్రంలో బౌండరీ డ్యామ్ అను లిగ్నైట్ కేంద్రపు మూడవ యంత్రానికి 2014 అక్టోబరులో గ్రహణ వ్యవస్థ అమర్చారు. వ్యాపార స్థాయిలో బొగ్గు విద్యుత్కేంద్రానికి అమర్చిన మొట్టమొదటిది అదే. 139 మెగావాట్ల యంత్రం నుండి, నవీకరణ అనంతరం, గ్రిడ్డుకు చేరేది సుమారు 115 మెగావాట్లు. ఏటికి 10 లక్షల టన్నులు పట్టవలెనన్నది సంకల్పం. పొగలోని సన్నని బూడిద గొట్టాలకు పట్టడం, ద్రావణం చెడిపోవడం వంటి చిక్కులెన్నో ఎదురైనవి. 2023 నాటికి అది పట్టిన మొత్తం 50 లక్షల టన్నుల మేరకు ఉన్నది. సంకల్పించిన దానికి తక్కువే. అయినను శూన్యం కాదు.

రెండవది రాతిబొగ్గు. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, హ్యూస్టన్ నగర సమీపాన పెట్రా నోవా అను వ్యవస్థ 2017 జనవరిలో పని ప్రారంభించినది. 240 మెగావాట్లకు సమానమైన పొగ నుండి ఏటికి 14 లక్షల టన్నులు పట్టగలిగినట్లు దానిని నిర్మించారు. విద్యుత్తు తగ్గకుండా ఉండడానికి అక్కడ ఒక ఉపాయం చేశారు: ద్రావణం కాచే ఆవిరి కోసం ప్రత్యేకంగా సహజవాయువు యంత్రాన్ని పెట్టారు. ఆ యంత్రపు పొగను మాత్రం పట్టలేదు. పట్టిన వాయువును చమురు బావులలోకి పంపి అదనపు చమురు తీసి అమ్మారు. 2020లో చమురు ధర పడిపోయేసరికి ఆ ఏడాది మే నెలలో వ్యవస్థను ఆపివేశారు. 2023 సెప్టెంబరులో మరల ప్రారంభించారు. యంత్రం చెడి ఆగలేదు. బేరం చెడి ఆగినది. ఈ భేదం గమనింపదగినది.

మూడవది బొగ్గును ముందు వాయువుగా మార్చి, కాల్చక పూర్వమే బొగ్గుపులుసును తీసివేసే పద్ధతి. మిసిసిపీ రాష్ట్రంలోని కెంపర్ కేంద్రం ఈ ఆశతోనే ఆరంభమైనది. వ్యయం సుమారు 750 కోట్ల డాలర్లకు చేరిన పిమ్మట, 2017 జూన్‌లో బొగ్గు భాగాన్ని విడిచిపెట్టి, సహజవాయువుతో నడిచే మామూలు కేంద్రంగా స్థిరపరచారు. నాలుగవది, గాలికి బదులు ప్రాణవాయువులోనే బొగ్గును కాల్చే పద్ధతి. నత్రజని లేనందున పొగలో బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి మాత్రమే ముఖ్యంగా మిగులుతవి. నీటిని చల్లార్చి తీస్తే చాలును. కాని ఆ ప్రాణవాయువును గాలి నుండి వేరుచేయడానికే విస్తారంగా విద్యుత్తు కావలె. జర్మనీలోని ష్వార్జె పుంపె వద్ద 2008లోను, ఆస్ట్రేలియాలోని కాలైడ్ వద్ద 2012లోను ఈ ప్రయోగాలు నడచి, పాఠాలు నేర్పి, ముగిసినవి.

అయిదవది సహజవాయువు. అమెరికాలోని బెల్లింగ్‌హామ్ అను ఊరిలో 1991 నుండి 2005 వరకు వాయు టర్బైన్ పొగ నుండి బొగ్గుపులుసును పట్టి పానీయాల, ఆహార పదార్థాల పరిశ్రమలకు అమ్మారు. అనగా పలుచని పొగ నుండి పట్టడం అసాధ్యమన్నది సత్యం కాదు. అయితే ఆ పొగలో ప్రాణవాయువు ఎక్కువగా మిగిలి ఉంటుంది. అది అమైన్ ద్రావణాన్ని మెల్లమెల్లగా పాడుచేస్తుంది. ఇంగ్లండులోని టీస్‌సైడ్ ప్రాంతంలో 742 మెగావాట్ల సహజవాయువు కేంద్రాన్ని మొదటి నుండే గ్రహణ వ్యవస్థతో కలిపి కట్టే పని 2025లో ఆరంభమైనది.

ఆరవది కట్టె, పొట్టు, పంట వ్యర్థాలు. మొక్క పెరుగుతూ గాలి నుండి తీసుకున్న బొగ్గుపులుసునే కాలినప్పుడు విడిచిపెడుతుంది. ఆ విడిచినదానిని పట్టి భూమిలో దాచితే గాలిలోని నిల్వ నిజంగా తగ్గుతుంది. తక్కిన ఇంధనాలకు లేని గుణమిది. జపానులోని ఒముతా వద్ద పామ్ గింజల పెంకులను కాల్చే మికావా కేంద్రంలో 2020 నుండి రోజుకు 500 టన్నులకు మించి పట్టగల వ్యవస్థ ఉన్నది. అయితే, కాల్చిన మొక్కకు బదులు మొక్క మొలవవలె. అడవి నరికి పొయ్యిలో పెట్టి, పొగను పట్టామని చెప్పుకోవడం పుణ్యం కాజాలదు.

ఈ అనుభవాలనుండి తేలే లెక్కను రెండు పద్దులలో రాసుకోవలె. ఒక టన్ను వాయువును పట్టడానికి ఎంత ఖర్చు అన్నది మొదటి పద్దు. ఒక యూనిట్ విద్యుత్తుపై ఎంత భారం అన్నది రెండవ పద్దు. బొగ్గు కేంద్రం ఒక యూనిట్‌కు సుమారు 900 గ్రాముల బొగ్గుపులుసును విడిస్తే, మంచి సహజవాయువు కేంద్రం 370 గ్రాముల మేరకు విడుస్తుంది. నూటికి 90 పాళ్ళు పట్టవలెనంటే బొగ్గు పొగ నుండి 810 గ్రాములు, సహజవాయువు పొగ నుండి 333 గ్రాములు పట్టవలె. కేవలం లెక్క కొరకు, బొగ్గు వద్ద టన్నుకు 4,000 రూపాయలు, సహజవాయువు వద్ద 6,000 రూపాయలు ఖర్చనుకొందము. అప్పుడు యూనిట్‌పై భారం బొగ్గుకు 3 రూపాయల 24 పైసలు. సహజవాయువుకు సుమారు 2 రూపాయలు. టన్ను లెక్కలో బొగ్గు చవక. యూనిట్ లెక్కలో సహజవాయువు చవక. ఏ పద్దు చూపి మాట్లాడుతున్నారో అడుగకుండా ఎవరి లెక్కనూ నమ్మరాదు.

అట్లయితే దేశమంతా సహజవాయువుకే మారవచ్చును గదా అన్న ప్రశ్న వస్తుంది. భారతదేశంలో విద్యుత్తు నూటికి సుమారు 70 పాళ్ళు బొగ్గు నుండే వస్తున్నది. దేశపు భూగర్భంలో సమృద్ధిగా ఉన్నదీ బొగ్గే. గోదావరి తీరంలో సహజవాయువును నమ్మి కట్టిన విద్యుత్కేంద్రాలు, కృష్ణా–గోదావరి క్షేత్రపు ఉత్పత్తి పడిపోవడంతో ఏళ్ళ తరబడి మూగవోయిన సంగతి ఆంధ్రదేశంలో బంధువులున్న వారందరికీ ఎరుకే. పైగా గొట్టాల నుండి కారిపోయే సహజవాయువు, నూరేళ్ళ లెక్కలో చూచినా, బొగ్గుపులుసు కన్న ఇంచుమించు 28 రెట్లు అధికంగా వేడిని నిలుపుతుంది. కావున ఏ ఇంధనమూ నిర్దోషి కాదు.

మన దేశపు ప్రయత్నాలు రెండింటిని ప్రత్యేకంగా చెప్పుకోవలె. తమిళనాడులోని తూత్తుకుడిలో ఒక క్షార రసాయన కర్మాగారం 2016లో తన బొగ్గు బాయిలర్ పొగ నుండి ఏటికి 60,000 టన్నుల వరకు బొగ్గుపులుసును పట్టి, దానితో సోడా తయారుచేసే ఏర్పాటు నెలకొల్పినది. ప్రభుత్వ ధనసహాయం లేకుండానే నెలకొల్పిన ఏర్పాటది. బజారులో వాయువు కొనే ఖర్చు తప్పినది గనుక బేరం కుదిరినది. రెండవది, మధ్యప్రదేశ్‌లోని వింధ్యాచల్ విద్యుత్కేంద్రంలో 2022లో పని మొదలిడిన, రోజుకు 20 టన్నులు పట్టే ప్రయోగశాఖ. ఆ వాయువును మిథనాల్‌గా మార్చడం దాని ఉద్దేశం.

వీనిని తక్కువ చేసి చూడరాదు. ఎక్కువ చేసి చెప్పుకొనరాదు. షోలాపూర్ చెంతనున్న 1,320 మెగావాట్ల కేంద్రం ఒక రోజంతా పూర్తి సామర్థ్యంతో నడిస్తే సుమారు 3 కోట్ల 17 లక్షల యూనిట్లు ఉత్పత్తి అవుతవి. యూనిట్‌కు 900 గ్రాముల వంతున లెక్కిస్తే ఆ ఒక్కరోజు పొగలో బొగ్గుపులుసు 28,000 టన్నులకు మించుతుంది. 20 టన్నుల ప్రయోగశాఖలు 1,400 కావలె, ఈ ఒక్క కేంద్రానికి. అంతే కాక, బొగ్గు పొగలోని గంధకపు వాయువు అమైన్ ద్రావణాన్ని తిరిగిరానట్లు పాడుచేస్తుంది గనుక ముందుగా దానిని తొలగించవలె. గంధకపు వాయువుపై 2015లో కట్టుదిట్టమైన నిబంధనలు వచ్చినవి. 2025 జూలైలో అత్యధిక కేంద్రాలకు ఆ తొలగింపు యంత్రాల నుండి మినహాయింపు లభించినది. ఊరి ఊపిరితిత్తుల కొరకు చేయవలసిన మొదటి శుద్ధియే వాయిదా పడిన చోట, లోకపు వాతావరణం కొరకు చేయవలసిన రెండవ శుద్ధి ఎట్లు నిలుస్తుందన్నది ఆలోచింపదగిన ప్రశ్న.

పట్టడం సగం పని. దాచడం తక్కిన సగం. సోడాగానో, పానీయంలో బుడగగానో మారిన వాయువు కొద్దికాలానికే చాలవరకు మరల గాలిలో కలుస్తుంది. చమురు బావిలోకి పంపితే కొంత వాయువు భూమిలో నిలుస్తుంది గాని, పైకి వచ్చిన చమురు మరెక్కడో పొగ అవుతుంది. శాశ్వతంగా దాచిన ఉదాహరణలు లేకపోలేదు. నార్వే దేశం 1991లో బొగ్గుపులుసుపై పన్ను విధించగా, ఆ పన్ను తప్పించుకొనడానికి ఉత్తర సముద్రంలోని స్లైప్నర్ క్షేత్రం వారు 1996 నుండి సహజవాయువులో కలసి వచ్చే బొగ్గుపులుసును వేరుచేసి, ఏటికి 10 లక్షల టన్నుల చొప్పున సముద్రగర్భపు ఇసుకరాతిలోకి పంపసాగారు.

ఇంతకన్న ఈ ప్రాంతానికి సన్నిహితమైన ఉదాహరణ ఐస్‌లాండ్‌లో ఉన్నది. అక్కడ 2012లో బొగ్గుపులుసును నీటిలో కరిగించి నల్లరాతి పొరలలోకి పంపారు. రెండేళ్ళలోపే నూటికి 95 పాళ్ళకు మించి రాయిగా, సుద్ద జాతి ఖనిజంగా మారినదని 2016లో వెల్లడించారు. పరీక్షనాళికలో కనబడిన తెలుపే భూగర్భంలో కనబడినదన్నమాట. ఆ నల్లరాయే బసాల్టు. షోలాపూర్ బావులలో, గోడలలో, కోటలో కనబడేదీ ఆ జాతి రాయే. 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రిందట పొంగిన లావా గడ్డకట్టి ఏర్పడిన దక్కను నల్లరాతి భూమి సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్లు వ్యాపించి ఉన్నది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఈ రాళ్ళలో బొగ్గుపులుసును దాచే అవకాశాలను పరిశీలించినది.

ఆశ కలిగించే విషయమే. కాని తొందర తగదు. 1993 సెప్టెంబరు 30వ తేదీ తెల్లవారుజామున లాతూర్ జిల్లా కిల్లారి వద్ద సంభవించిన భూకంపం ఈ పట్టణపు పెద్దలు మరచిపోలేదు. వేలమంది ప్రాణాలు కోల్పోయిన ఆ దుర్ఘటన ఈ నల్లరాతి నేలపైననే జరిగినది. తరువాత అక్కడ వేసిన పరిశోధక బోరులో నల్లరాతి మందం సుమారు 340 మీటర్లేనని తేలినది. దాని క్రింద వేరు జాతి పురాతన శిల. ఐస్‌లాండ్‌లో వాయువును 400 మొదలు 800 మీటర్ల లోతున పంపారు. కావున రాయి ఒకే జాతి అయినంత మాత్రాన అక్కడి ఫలితం ఇక్కడ సిద్ధించునని చెప్పరాదు. లోతు, పగుళ్ళు, భూకంప స్వభావం ప్రతి చోటా విడిగా కొలువవలె.

అన్నిటికన్న కఠినమైన ప్రశ్న నీరు. ఐస్‌లాండ్ పద్ధతిలో ఒక టన్ను వాయువును కరిగించడానికి సుమారు 25 టన్నుల నీరు కావలసి వచ్చినది. పొగను చల్లబరచడానికీ, ద్రావణాన్ని చల్లార్చడానికీ వలసిన నీరు ఇది కాక వేరు. ఇక్కడి విద్యుత్కేంద్రానికి నీరు భీమానదిపై ఉజనీ జలాశయం నుండి ఏర్పాటైనది. ఆ జలాశయాన్నే పట్టణపు కుళాయి, రైతు చెరకు తోట, బట్టల అద్దకపు తొట్టి కూడా నమ్ముకొని ఉన్నవి. గాలిని బాగుచేయబోయి ఎవరి బిందె ఎండబెడతారో ముందుగా చెప్పవలసి ఉన్నది. ఈ ప్రశ్నను శాస్త్రజ్ఞులకు మాత్రమే విడిచిపెట్టడం న్యాయం కాదు. బిందె పట్టుకొని నిలబడేవారు కూడా అడుగవలె.

ఇంతకూ తేలినదేమి? కార్బన్ గ్రహణం మంత్రమని చెప్పేవారూ, మోసమని చెప్పేవారూ ఇద్దరూ సగం సత్యమే చెబుతున్నారు. రసాయన సూత్రం నిజం. యంత్రాలు పని చేసినవి. వాయువు రాయి అయినది. కాని ప్రతి టన్నుకూ వెల ఉన్నది; ఆ వెలను విద్యుత్తుగానో, నీరుగానో, యూనిట్ ధరగానో ఎవరో ఒకరు చెల్లించవలె. 2070 నాటికి నికర ఉద్గారాలను శూన్యం చేస్తామని భారతదేశం 2021లో గ్లాస్గో సభలో ప్రకటించినది. ఆ గడువులోగా మొదట చేయవలసినది వృథాను తగ్గించడం. ఎండ, గాలి నుండి విద్యుత్తును పెంచడం. షోలాపూర్‌కు ఎండ కరువు లేదు. సిమెంటు వలె, ఉక్కు వలె పొగ తప్పని పరిశ్రమలకూ, వెంటనే మూయ వీలుకాని కొలుములకూ గ్రహణ వ్యవస్థ అవసరమే. రోగం రానీయని పథ్యానికి బదులుగా మందును చూపడం తగదు. రోగం వచ్చినవానికి మందు వద్దనడమూ తగదు.

తమ ఊరిలో ఇట్టి పథకం ప్రతిపాదనకు వచ్చిన నాడు, ఈ పాఠశాలలో చదివిన వారెవరైనా నాలుగు ప్రశ్నలు అడుగగలిగితే చాలును. నిజంగా పట్టేది ఎంత, కాగితం మీద ఎంత? దానికి ఖర్చయ్యే విద్యుత్తు, నీరు ఎంత? పట్టినది ఎక్కడ దాస్తారు, ఎంతకాలం నిలుస్తుంది? యూనిట్‌పై పడే భారం ఎవరిది? మరమగ్గాల కుటుంబానికి ఈ నాలుగవ ప్రశ్న పొయ్యిమీది కూడుతో ముడిపడినది. సమాధానాలు అంకెలలో ఇవ్వవలెనని పట్టుబట్టడమే విద్యావంతుని లక్షణం.

ఈ ప్రశ్నలను తెలుగులో అడుగవచ్చును, మరాఠీలో అడుగవచ్చును. కాని వాటిని ఆలోచించడం మాత్రం ఏ భాషలో బాల్యంలో సున్నపు తేట తెల్లబడడం చూచారో ఆ భాషలోనే మొదలవుతుంది. బొగ్గుపులుసు వాయువు అన్న మాటలోనే బొగ్గు ఉన్నది, పులుపు ఉన్నది. పదం వినగానే పదార్థపు పుట్టుక, గుణం కూడా పిల్లవానికి తెలుస్తవి. మాతృభాషలో శాస్త్రం బోధించిన ఉపాధ్యాయులు ఈ 75 సంవత్సరాలలో చేసిన మేలు అది. ఆ గురువులలో పలువురు నేడు లేరు. వారు చేయించిన ప్రయోగం మాత్రం ప్రతి సంవత్సరం క్రొత్త చేతులలో మరల జరుగుతూనే ఉన్నది.

శతవార్షికోత్సవం నాటికి, అనగా మరి 25 సంవత్సరాలకు, ఈ ప్రయోగశాలలో నేడు నాళిక పట్టుకున్న బాలబాలికలు తమ బిడ్డలను వెంటబెట్టుకొని ఇదే ఆవరణకు రాగలరు. గాలిలోని బొగ్గుపులుసు ఆనాటికి ఎన్ని పాళ్ళన్నది ఈ సభలోని వారు నేడు ఏ ప్రశ్నలు అడిగారు, ఏ దీపాలు ఆర్పారు, ఏ లెక్కలు తేల్చమన్నారు అన్న దానిపై కొంతైనా ఆధారపడి ఉంటుంది. ఆ శతవార్షిక సంచికలో ఆ అంకెను వ్రాసే విద్యార్థి, 420 తరువాత ఎక్కము ఆగినదని వ్రాయగలుగుగాక.